అణు పరీక్షల్లో పాల్గొన్న సైనికుల రేడియేషన్ మోతాదు పునర్నిర్మాణం

అణ్వాయుధ పరీక్షల్లో పాల్గొన్న సైనికులకు ఆనాడు ఎంత రేడియేషన్ సోకిందో ఏళ్లు, దశాబ్దాలు గడిచాక మిగిలిన ఆధారాలతో అంచనా కట్టే ప్రక్రియను మోతాదు పునర్నిర్మాణం అంటారు. ఒంటికి తగిలించిన ఫిల్మ్ బ్యాడ్జీల కొలతలు, పరీక్షాస్థలంలో తీసిన రేడియేషన్ రీడింగులు, దళాల కదలికల రికార్డులు, నౌకల లాగ్ పుస్తకాలు, సైనికులు చెప్పిన వివరాలు దీనికి ముడిసరుకు. ఫలితాన్ని రెండు పనులకు వాడతారు. ఒకటి, జబ్బుపడిన మాజీ సైనికుడికి పరిహారం అందాలా వద్దా అని తేల్చడం. రెండు, తక్కువ మోతాదు రేడియేషన్ వల్ల ఆరోగ్యానికి కలిగే ముప్పును సామూహికంగా అధ్యయనం చేయడం. ఈ రంగంలో ఎక్కువ పని అమెరికాలో జరిగింది. బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫ్రాన్స్, పూర్వపు సోవియట్ యూనియన్ సైనికుల విషయంలోనూ ఇవే ప్రశ్నలు తలెత్తాయి.

## కొలమానాలు

పాత రికార్డుల్లో కనిపించే రాంట్జెన్ గాలిలో గామా కిరణాల పరిమాణాన్ని తెలుపుతుంది. శరీర కణజాలం గ్రహించిన శక్తికి ప్రమాణం గ్రే. రేడియేషన్ రకాన్ని బట్టి జీవప్రభావాన్ని కలుపుకుని చెప్పడానికి పూర్వం రెమ్ వాడేవారు, ఇప్పుడు సీవర్ట్ వాడుతున్నారు. ఒక రెమ్ 10 మిల్లీసీవర్ట్‌లకు సమానం. అమెరికా సైనిక రికార్డులు నేటికీ ఎక్కువగా రెమ్‌లలోనే ఉన్నాయి.

## నేపథ్యం

1945 జులై 16న న్యూ మెక్సికోలో జరిపిన ట్రినిటీ పరీక్షతో మొదలుపెట్టి 1962 వరకు అమెరికా వాతావరణంలో రెండు వందలకు పైగా అణు పరీక్షలు జరిపింది. వీటిలో పాల్గొన్న సైనిక, పౌర సిబ్బంది రెండు లక్షలకు పైనే.

1946 జులైలో పసిఫిక్‌లోని బికినీ దీవి మడుగులో జరిగిన ఆపరేషన్ క్రాస్‌రోడ్స్‌లో దాదాపు 42,000 మంది పాల్గొన్నారు. జులై 25న నీటి అడుగున జరిపిన బేకర్ పేలుడుకు ఎగసిన రేడియోధార్మిక జలం లక్ష్య నౌకలను ముంచెత్తింది. నావికులు గొట్టాలతో నీళ్లు కొట్టి, సబ్బు, క్షారం పూసి డెక్కులను రుద్ది కడిగినా కాలుష్యం వదల్లేదు. రేడియేషన్ భద్రతా విభాగాధిపతి స్టాఫర్డ్ వారెన్ హెచ్చరికలతో ఆగస్టు 10న ఆ పని ఆపేశారు. మడుగులోనే లంగరు వేసిన సహాయక నౌకల అడుగుభాగాలకు, సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే యంత్రాలకు కూడా రేడియోధార్మికత అంటింది.

నెవాడా ఎడారిలో 1951 జనవరిలో పరీక్షలు మొదలయ్యాయి. అదే ఏడాది చివరి నుంచి 1957 దాకా డెసర్ట్ రాక్ పేరిట సైనిక విన్యాసాలు సాగాయి. అణుయుద్ధ రంగంలో దళాలు ఎలా నడుచుకోవాలో నేర్పడం వీటి లక్ష్యం. సైనికులు కందకాల్లో కూర్చుని పేలుడు చూసేవారు. తరవాత విస్ఫోట కేంద్రం వైపు కదిలేవారు, లేదా అక్కడ ఉంచిన యుద్ధసామగ్రికి జరిగిన నష్టాన్ని పరిశీలించేవారు.

## రేడియేషన్ సోకే మార్గాలు

పునర్నిర్మాణంలో ఒక్కో మార్గాన్ని విడివిడిగా లెక్కించి, ఒకే కణజాలానికి చేరిన మోతాదులను కలుపుతారు.

తొలి రేడియేషన్. పేలుడు జరిగిన మొదటి నిమిషంలో వెలువడే న్యూట్రాన్లు, గామా కిరణాలు ఇందులోకి వస్తాయి. దూరం పెరిగేకొద్దీ ఇది చాలా వేగంగా తగ్గిపోతుంది. అనేక కిలోమీటర్ల దూరంలో నిలిచినవారికి దీని వాటా నామమాత్రం. దగ్గరి కందకాల్లో ఉన్నవారికి మాత్రం కందకం లోతు, మట్టి ఇచ్చే అడ్డు లెక్కలోకి వస్తాయి.

ప్రేరిత రేడియోధార్మికత. న్యూట్రాన్ల తాకిడికి విస్ఫోట కేంద్రం చుట్టూ ఉన్న మట్టిలోని సోడియం, మాంగనీస్ వంటి మూలకాలు రేడియోధార్మికంగా మారతాయి. పేలుడు తరవాత కేంద్రం దగ్గరికి నడిచిన దళాలకు ఇది ముఖ్యం.

అణుధూళి. విచ్ఛిత్తి శకలాలు ధూళికి అంటుకుని నేల మీద, నౌకల డెక్కుల మీద పడతాయి. పసిఫిక్ పరీక్షల్లో సైనికులకు సోకిన మోతాదులో అధికభాగం దీని నుంచే వచ్చింది.

అంతర్గత మోతాదు. పీల్చిన, మింగిన రేడియోధార్మిక కణాలు ఊపిరితిత్తులు, ఎముకలు, థైరాయిడ్ వంటి అవయవాల్లో చేరి లోపలి నుంచే రేడియేషన్ ఇస్తాయి. బ్యాడ్జి దీన్ని కొలవలేదు.

చర్మ మోతాదు. ఒంటికి, బట్టలకు అంటిన ధూళి నుంచి వచ్చే బీటా కణాలు చర్మాన్ని తాకుతాయి. చర్మ క్యాన్సర్ దరఖాస్తుల్లో ఈ లెక్క కీలకం.

## ఆధారాలు

### ఫిల్మ్ బ్యాడ్జి

దంతాల ఎక్స్‌రేకు వాడే ఫిల్మ్ లాంటి చిన్న ముక్కను కాంతి చొరబడని పొట్లంలో పెట్టి ఛాతీకి తగిలించేవారు. రేడియేషన్ తగిలిన మేరకు ఫిల్మ్ నల్లబడుతుంది. తెలిసిన మోతాదుకు గురిచేసిన ఫిల్మ్ నలుపుతో పోల్చి విలువ చెబుతారు. తక్కువ శక్తి కిరణాలకు ఫిల్మ్ అతిగా స్పందిస్తుంది కాబట్టి దాన్ని సరిచేయడానికి సీసపు రేకును అడ్డుపెట్టేవారు.

బ్యాడ్జి ఉన్నంత మాత్రాన లెక్క పూర్తికాదు. న్యూట్రాన్లను అది సరిగా పట్టలేదు. పసిఫిక్‌లోని వేడికి, తేమకు ఫిల్మ్ పాడై, సోకని రేడియేషన్ సోకినట్టు నల్లబడిన సందర్భాలున్నాయి. అంతకన్నా పెద్ద లోటు, చాలామందికి బ్యాడ్జే ఇవ్వకపోవడం. క్రాస్‌రోడ్స్‌లో 18,875 బ్యాడ్జీలు వాడినా, సిబ్బందిలో సుమారు 15 శాతం మందికే కనీసం ఒక్కటి అందింది. తొలినాళ్ల విన్యాసాల్లో ఒక ప్లటూన్‌కు ఒకటో రెండో ఇచ్చి, ఆ రీడింగునే మిగతావారికి వర్తింపజేసేవారు. ఒకే దళం ఒకేచోట, ఒకేసమయంలో ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. విడిగా పంపిన డ్రైవరుకో, సామగ్రి తేవడానికి వెళ్లిన సిపాయికో ఆ అంకె సరిపోదు. 1950ల చివరి నాటికి అందరికీ బ్యాడ్జీలు ఇచ్చే పద్ధతి వచ్చింది.

### రికార్డులు

రేడియేషన్ భద్రతా బృందాలు గీసిన తీవ్రత పటాలు, దళాల దినచర్య నివేదికలు, విన్యాసాల ఆదేశపత్రాలు, నౌకల లాగ్ పుస్తకాలు వ్యక్తి ఎక్కడ ఎంతసేపు ఉన్నాడో తేల్చడానికి తోడ్పడతాయి. 1973 జులై 12న సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో కోటిన్నరకు పైగా సైనిక వ్యక్తిగత ఫైళ్లు కాలిపోయాయి. 1912 నుంచి 1960 వరకు సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో దాదాపు 80 శాతం ఇందులో పోయాయి. అణు పరీక్షల కాలం చాలావరకు ఈ వ్యవధిలోకే వస్తుంది. కాబట్టి ఫలానా వ్యక్తి పరీక్షలో పాల్గొన్నాడని రుజువు చేయడానికే దళాల రోజువారీ నివేదికలను, జీతాల పట్టీలను ఆశ్రయించాల్సి వచ్చింది.

### సైనికుల వాంగ్మూలాలు

రహస్య ప్రమాణం తీసుకున్నందువల్ల చాలామంది తాము చూసినదాన్ని కుటుంబానికి, డాక్టరుకు కూడా చెప్పలేదు. అమెరికాలో ఈ నిషేధాన్ని 1996లో చట్టం ద్వారా ఎత్తివేశారు. అప్పటికి సంఘటనలు జరిగి 30 నుంచి 50 ఏళ్లు దాటాయి.

## లెక్కించే పద్ధతి

మొదట వ్యక్తి కదలికల క్రమాన్ని సిద్ధం చేస్తారు. ఏ పేలుడు సమయంలో ఎంత దూరంలో, ఏ అడ్డు వెనక ఉన్నాడు, కలుషిత ప్రాంతంలోకి ఎప్పుడు వెళ్లాడు, ఎప్పుడు బయటికి వచ్చాడు అన్నవి ఇందులో ఉంటాయి. తరవాత ప్రతి దశకు రేడియేషన్ తీవ్రతను కేటాయించి, గడిపిన సమయంతో గుణించి కూడతారు.

అణుధూళి తీవ్రత కాలంతో తగ్గే తీరుకు ఒక సూత్రం ఉంది. పేలుడు తరవాత గడిచిన కాలానికి 1.2 ఘాతం కట్టగా వచ్చిన విలువకు విలోమానుపాతంలో తీవ్రత తగ్గుతుంది. సులువుగా చెప్పాలంటే, కాలం ఏడు రెట్లు పెరిగితే తీవ్రత సుమారు పదోవంతుకు దిగుతుంది. ఒక చోట పేలుడు జరిగిన గంటకు, గంటకు 1 రాంట్జెన్ తీవ్రత ఉందనుకుందాం. నాలుగో గంట ముగిసేసరికి అది 0.19కి పడిపోతుంది. అప్పుడు లోపలికి వెళ్లి ఒక గంట గడిపిన దళానికి సుమారు 0.17 రాంట్జెన్ సోకుతుంది. అదే దళం మొదటి గంట ముగియగానే వెళ్లి, అంతే సమయం గడిపితే 0.65 రాంట్జెన్ సోకుతుంది. లోపల గడిపిన సమయం ఒకటే అయినా మోతాదు దాదాపు నాలుగు రెట్లు. రికార్డులో దళం ప్రవేశించిన సమయం తప్పుగా ఉంటే ఫలితం ఎంత మారుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గాలిలో కొలిచిన రాంట్జెన్ విలువను బ్యాడ్జి చూపాల్సిన మోతాదుగా మార్చడానికి అమెరికా కార్యక్రమం 0.7 గుణకాన్ని వాడింది. నేలంతా పరుచుకున్న ధూళి మధ్య నిలబడిన మనిషికి అతని శరీరమే కొంత అడ్డుగా ఉండటం దీనికి కారణం. పై ఉదాహరణలోని రెండు విలువలు ఈ లెక్కన సుమారు 0.12, 0.45 రెమ్‌లవుతాయి. నౌకలకైతే డెక్కు మీద, డెక్కు కింద గడిపిన సమయాలను వేరుచేసి, ఇనుప గోడలు ఇచ్చే రక్షణను కలుపుతారు.

అంతర్గత మోతాదుకు నేల మీది కాలుష్యంలో ఎంత భాగం గాల్లోకి లేచిందో ఊహించి, శ్వాస వేగంతో, ఒక్కో రేడియోధార్మిక కేంద్రకం ఒక్కో అవయవానికి ఇచ్చే మోతాదు గుణకంతో గుణిస్తారు. ధూళి తిరిగి లేవడం గురించిన ఊహే ఇందులో అత్యంత బలహీనమైన లంకె.

## ఒక ఉదాహరణ: రోంగెరిక్, 1954

1954 మార్చి 1న బికినీలో జరిపిన 15 మెగాటన్నుల కాసిల్ బ్రావో పేలుడు ధూళి తూర్పు దిక్కుకు కొట్టుకుపోయింది. రోంగెరిక్ దీవిలోని వాతావరణ కేంద్రంలో 28 మంది అమెరికా సైనికులున్నారు. పేలుడు జరిగిన దాదాపు ఏడు గంటలకు అక్కడ ధూళి పడటం మొదలైంది. కేంద్రంలోని కొలపరికరం గరిష్ఠ సామర్థ్యం గంటకు 100 మిల్లీరాంట్జెన్‌లు. కాసేపటికే ముల్లు చివరికి చేరి ఆగిపోయింది. ఆ తరవాత తీవ్రత ఎంత పెరిగిందో ఆ పరికరం చెప్పలేకపోయింది. సైనికులను మర్నాడు రెండు విడతలుగా తరలించారు.

అక్కడున్న బ్యాడ్జీలు ఒక్కోటి ఒక్కో అంకె చూపాయి. రోజంతా ఆరుబయటే ఉన్న బ్యాడ్జి 98 రాంట్జెన్‌లు, ఇనుప రిఫ్రిజిరేటర్‌లో ఉంచినవి 38 రాంట్జెన్‌లు చూపాయి. లోపలా బయటా తిరిగినవారి బ్యాడ్జీలు 50 నుంచి 65 మధ్య చూపాయి. ఈ విలువలను, తరవాత దీవిలో తీసిన రీడింగులను కలిపి తొలి పరిశోధకులు ఆ బృందానికి 78 రాంట్జెన్‌ల సగటు నిర్ణయించారు. దీవి ఒకటే, కాలం ఒకటే. అయినా లోహపు అడ్డు ఉన్నచోటికి, లేనిచోటికి రెండున్నర రెట్ల తేడా వచ్చింది. ఆ ఆపరేషన్ మొత్తానికి ఒక్కొక్కరికి అనుమతించిన పరిమితి 3.9 రాంట్జెన్‌లే.

## అనిశ్చితి, ఎగువ హద్దు

పునర్నిర్మాణ ఫలితాన్ని ఒకే అంకెగా కాక, కేంద్ర అంచనాగా, దానికి పైన ఎగువ హద్దుగా ఇస్తారు. నిజమైన మోతాదు ఆ హద్దును దాటే అవకాశం 5 శాతానికి మించకూడదన్నది అమెరికా విధానం. సందేహం ఉన్నచోట లబ్ధి సైనికుడికే దక్కాలన్న నియమం దీని ద్వారా అమలవుతుంది. కేంద్ర అంచనా సరైనదే అయినా, ఎగువ హద్దు అవసరమైనదానికన్నా కిందికి దిగితే ఆ నియమం దెబ్బతింటుంది.

## అమెరికా కార్యక్రమ చరిత్ర

1957 ఆగస్టు 31న నెవాడాలో జరిగిన 44 కిలోటన్నుల స్మోకీ పేలుడులో సైనిక విన్యాసాలు జరిగాయి. అందులో పాల్గొన్న ఒకరికి ల్యుకేమియా ఉన్నట్టు 1976లో వెలుగులోకి రావడంతో వ్యాధి నియంత్రణ కేంద్రం దర్యాప్తు ప్రారంభించింది. 3,224 మందిలో 3.5 కేసులు ఉండవచ్చని సాధారణ లెక్క చెబుతుంటే, 9 కేసులు బయటపడ్డాయని 1980లో గ్లిన్ కాల్డ్‌వెల్ బృందం ప్రకటించింది. బ్యాడ్జీలు చూపిన సగటు మాత్రం అర రెమ్‌లోపే ఉంది. ఈ పొంతనలేమి వల్ల మోతాదు లెక్కల మీదే చర్చ మొదలైంది.

1978లో రక్షణశాఖ అణు పరీక్షల సిబ్బంది సమీక్ష కార్యక్రమాన్ని ఏర్పాటుచేసింది. పాల్గొన్నవారి జాబితా తయారీ, పరీక్షల చరిత్రల ప్రచురణ, మోతాదు నిర్ణయం దీని పనులు. ఈ కార్యక్రమం లెక్కల ప్రకారం సగటు మోతాదు సుమారు 0.6 రెమ్. ఏడాదికి 5 రెమ్‌ల వృత్తి పరిమితి దాటినవారు ఒక శాతంలోపే.

జాతీయ పరిశోధన మండలి 2003లో 99 మంది ఫైళ్లను పరిశీలించి నివేదిక ఇచ్చింది. బయటి గామా మోతాదు కేంద్ర అంచనాలు మొత్తంగా నమ్మదగినవే అయినా, ఎగువ హద్దులను తరచు తక్కువగా కట్టారని తేల్చింది. ఆధారాలు అసంపూర్ణంగా ఉన్నచోట సైనికుడికి అనుకూలమైన ఊహ చేయకపోవడాన్ని ఎత్తిచూపింది. పాత పరీక్షల ధూళి పరుచుకున్న నేలను కొత్త పేలుడు తరంగం తాకినప్పుడు ఆ ధూళి మళ్లీ లేస్తుంది. 1957 జులై 5న జరిగిన 74 కిలోటన్నుల హుడ్ పేలుడు వంటి సందర్భాల్లో కందకాల్లోని సైనికులు దాన్ని పీల్చే అవకాశాన్ని లెక్కలో సరిగా పట్టించుకోలేదని పేర్కొంది. మోతాదులు చాలావరకు తక్కువే కాబట్టి, సవరించినా పరిహార నిర్ణయాల్లో పెద్ద మార్పు రాకపోవచ్చని కూడా అదే నివేదిక చెప్పింది. తరవాత కార్యక్రమం తన పద్ధతులను సవరించుకుంది. దాన్ని పర్యవేక్షించడానికి ఒక సలహా మండలి ఏర్పడింది.

## ఇతర దేశాలు

బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. 1952 అక్టోబరు 3న మాంటెబెల్లో దీవుల దగ్గర మొదలైన బ్రిటన్ వాతావరణ పరీక్షలు ఎమూ ఫీల్డ్, మరలింగ, మాల్డెన్, క్రిస్మస్ దీవుల మీదుగా 1958 దాకా సాగాయి. రేడియేషన్ సోకుతుందని భావించినవారికే ఎక్కువగా బ్యాడ్జీలు ఇచ్చారు. మిగతావారికి మోతాదు లేదనుకోవచ్చా అన్నదే అక్కడి వివాదం. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2006లో ప్రచురించిన అధ్యయనం 10,983 మందికి మోతాదులు అంచనా కట్టింది. వారిలో 79 శాతం మందికి ఒక మిల్లీసీవర్ట్ లోపే సోకిందని తేల్చింది.

సోవియట్ యూనియన్. 1954 సెప్టెంబరు 14న ఓరెన్‌బర్గ్ ప్రాంతంలోని తోత్స్కోయెలో సుమారు 45,000 మంది సైనికులతో విన్యాసాలు జరిపి, 40 కిలోటన్నుల బాంబు పేల్చారు. పాల్గొన్నవారిని దీర్ఘకాలిక గోప్యతకు కట్టుబడేలా చేశారు. వ్యక్తిగత కొలతల రికార్డులు అరుదు కావడంతో ఈ బృందానికి మోతాదు పునర్నిర్మాణం కష్టసాధ్యం.

ఫ్రాన్స్. 1960 ఫిబ్రవరి 13న అల్జీరియాలోని రెగాన్ దగ్గర తొలి పరీక్ష జరిగింది. 1962 మే 1న ఇన్ ఎక్కెర్ కొండలో జరిపిన భూగర్భ బెరిల్ పరీక్షలో రేడియోధార్మిక మేఘం బయటికి పొక్కి, చూడవచ్చిన అధికారులనూ సైనికులనూ తాకింది. 2010 జనవరి నాటి మోరిన్ చట్టం పరిహారానికి దారి తెరిచింది. తరవాతి సవరణలతో ఏడాదికి ఒక మిల్లీసీవర్ట్ అన్న ప్రమాణం నిర్ణయాల్లోకి వచ్చింది.

## జీవ ఆధారిత కొలతలు

కాగితాలతో సంబంధం లేకుండా శరీరంలోనే మోతాదు జాడలు వెతికే పద్ధతులున్నాయి. రక్తకణాల్లో క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి స్థానం మార్చుకున్న సందర్భాలను లెక్కపెట్టడం వాటిలో ఒకటి. ఈ మార్పులు దశాబ్దాల పాటు నిలుస్తాయి. న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్ పరీక్షల శ్రేణి అయిన ఆపరేషన్ గ్రాపిల్‌లో పాల్గొన్న నావికులను పరీక్షించి, పోలిక బృందంకన్నా ఈ మార్పులు దాదాపు మూడు రెట్లు ఎక్కువని ప్రకటించారు. పంటి పింగాణీలో చిక్కుకున్న స్వేచ్ఛా రాడికళ్లను ఎలక్ట్రాన్ స్పిన్ అనునాదంతో కొలవడం మరో పద్ధతి. మూత్రంలో ప్లుటోనియం పరీక్ష అంతర్గత మోతాదుకు సాక్ష్యమిస్తుంది.

వీటికీ పరిమితులున్నాయి. వయసు, ధూమపానం, వైద్య ఎక్స్‌రేల వల్ల కూడా క్రోమోజోము మార్పులు వస్తాయి. ఒక్క వ్యక్తి విషయంలో పాతకాలపు మోతాదు స్వల్పమైతే ఈ పద్ధతులు దాన్ని విడదీసి చూపలేవు. సమూహాల మధ్య తేడా చూపడంలో ఇవి ఎక్కువ పనికొస్తాయి.

## ఆరోగ్య అధ్యయనాలతో సంబంధం

మోతాదు లెక్కలు, హాజరు జాబితాలు తప్పైతే ఆరోగ్య అధ్యయనమూ తప్పుతుంది. జాతీయ పరిశోధన మండలి 1985 నాటి మరణాల అధ్యయనంలో పాల్గొనని వేలాదిమంది చేరిపోయారని, పాల్గొన్న వేలాదిమంది తప్పిపోయారని తరవాత బయటపడింది. సరిచేసిన జాబితాలతో సుమారు 70,000 మందిపై 2000లో వచ్చిన ఐదు పరీక్షా శ్రేణుల అధ్యయనంలో మొత్తం మరణాల రేటు పోలిక బృందంతో సమానంగానే ఉంది. ల్యుకేమియా మరణాల్లో కనిపించిన పెరుగుదల గణాంకపరంగా నిర్ధారణ కాలేదు. వ్యక్తిగత మోతాదులు ఆధారపడదగినవి కావన్న కారణంతో ఆ అధ్యయనం వాటిని విశ్లేషణకు వాడలేదు.

ఆ తరవాత జాన్ టిల్ బృందం ఎంపిక చేసిన సైనికులకు అనిశ్చితితో సహా కొత్తగా మోతాదులు కట్టే పద్ధతిని రూపొందించింది. దాని ఆధారంగా జాన్ బోయిస్ బృందం ఎనిమిది శ్రేణుల్లో పాల్గొన్న 1,14,270 మందిని పరిశీలించి, మోతాదుతో పాటు ల్యుకేమియా పెరిగినట్టు స్పష్టమైన ఆధారం దొరకలేదని తెలిపింది. ఆస్ట్రేలియా సైనికుల్లో క్యాన్సర్ సాధారణ జనాభా కన్నా ఎక్కువగా కనిపించినా, అది అంచనా మోతాదులతో ముడిపడలేదు.

## పరిహార చట్టాలు

అమెరికాలో రెండు దారులున్నాయి. 1988 చట్టం కొన్ని క్యాన్సర్లను జాబితాగా ఇచ్చింది. పరీక్షలో పాల్గొన్నట్టు, ఆ జబ్బు వచ్చినట్టు రుజువైతే చాలు, మోతాదు లెక్క అక్కర్లేదు. జాబితాలో లేని జబ్బులకు 1984 చట్టం వర్తిస్తుంది. ఈ దారిలో పునర్నిర్మించిన మోతాదును, వయసును, జబ్బు రకాన్ని తీసుకుని ఆ జబ్బుకు రేడియేషన్ కారణమయ్యే సంభావ్యతను గణిస్తారు. మోతాదు తక్కువగా తేలినందున ఈ రెండో దారిలో నెగ్గినవారు చాలా కొద్దిమందే. 1990 నాటి రేడియేషన్ బాధితుల పరిహార చట్టం పరీక్షాస్థలంలో పాల్గొన్నవారికి 75,000 డాలర్లు ఏకమొత్తంగా ఇచ్చింది. 2024 జూన్‌లో గడువు ముగిసిన దాన్ని 2025 జులైలో పునరుద్ధరించి, మొత్తాన్ని లక్ష డాలర్లకు పెంచారు.

## విమర్శలు, సమర్థనలు

పరీక్షలు జరిపిన శాఖే మోతాదు కూడా తేల్చడం నిష్పాక్షికతకు భంగమని మాజీ సైనికుల సంఘాలు వాదించాయి. ఒక్కో ఫైలుకు పట్టే కాలం, ఖర్చు దృష్ట్యా అందరికీ ఒకే పరిహారం ఇవ్వడం మేలని కొందరు ప్రతిపాదించారు. పునర్నిర్మాణాన్ని సమర్థించేవారి వాదన వేరు. తమ జబ్బు జాబితాల్లో లేనివారికి మరో మార్గం లేదని, లెక్కను బహిరంగంగా పరిశీలించి సవరించే వీలుందని వారు గుర్తుచేస్తారు.

## ప్రాముఖ్యత

పరీక్షాస్థలాల సైనికుల కోసం రూపొందిన పద్ధతులు అణు కర్మాగారాల కార్మికులకు, పరీక్షాస్థలాల గాలివాలులో నివసించిన పౌరులకు, అణు ప్రమాదాల్లో సహాయక సిబ్బందికి మోతాదు కట్టడంలోనూ ఉపయోగపడ్డాయి. అంచనాతో పాటు అనిశ్చితినీ చెప్పడం, లేని రికార్డును సున్నాగా భావించకపోవడం, బృంద సగటును వ్యక్తికి వర్తింపజేసే ముందు అతని కదలికలను విడిగా పరిశీలించడం ఈ రంగంలో ప్రామాణిక నియమాలయ్యాయి. బ్యాడ్జి రీడింగుతో పాటు, దాన్ని ధరించిన వ్యక్తి ఎప్పుడు ఎక్కడ ఎంతసేపు ఉన్నాడో నమోదు చేసి భద్రపరచడం రేడియేషన్ రక్షణ విధానాల్లో భాగమైంది.